పేరు తిరిగి ఇచ్చిన సేనాని: హైతీ వీరుడు దెసాలీన్



కొమురం భీం గురించి, గాం గంటందొర, మల్లుదొరల గురించి మేము మీకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. అందుకే ఈ సంచికలో మా వంతు పేజీల్లోకి చాలా దూరం నుంచి ఒక మనిషిని తీసుకొస్తున్నాం. ఆయన పేరు జాన్ జాక్ దెసాలీన్. దేశం హైతీ. చనిపోయి 200 ఏళ్ళు దాటింది. ఆయన కథ చెప్పాలంటే ముందు ఆ నేల పేరు గురించి చెప్పాలి.

కరీబియన్ సముద్రంలో, క్యూబా పక్కన ఒక పెద్ద దీవి ఉంది. ఎటు చూసినా కొండలే. ఆ దీవి తొలి మనుషులు తైనోలు. వాళ్ళ భాషలో ఆ నేల పేరు అయితి, అంటే కొండల నేల. 1492 డిసెంబరులో కొలంబస్ ఓడలు అక్కడికి చేరాయి. స్పెయిన్ వాళ్ళు దీవికి హిస్పానియోలా అని తమ పేరు పెట్టుకున్నారు. తైనోలను బంగారు గనుల్లోకి తోలారు. అనకయోనా అనే తైనో రాణిని ఉరితీశారు. ఎన్రికీయో అనే తైనో నాయకుడు 1519లో బహొరుకో కొండలెక్కి, 14 ఏళ్ళు స్పెయిన్ సైన్యానికి చిక్కకుండా పోరాడి, చివరికి రాజుతో ఒప్పందం చేసుకుని దిగాడు. అప్పటికి అతని జనంలో మిగిలింది బహు కొద్దిమంది. గనుల చాకిరీ, ఆకలి, మశూచి కలిసి యాభై ఏళ్ళలో ఒక జాతిని దాదాపు ఊడ్చేశాయి. ఇవాళ మనం కూడా వాడే హరికేన్, టొబాకో, బార్బెక్యూ లాంటి మాటలు వాళ్ళ నోటి నుంచి వచ్చినవే. తైనో రక్తం ఆ దీవుల్లో ఇప్పటికీ కొందరిలో ఉంది. కానీ అయితి అన్న పేరు మాత్రం అధికార పటాల్లోంచి పోయింది.

మూడు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరును తిరిగి తెచ్చినవాడు తైనో కాదు. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన జనంలో పుట్టినవాడు. వీపు నిండా కొరడా మచ్చలు ఉన్నవాడు. అతనే దెసాలీన్.

1697లో ఆ దీవి పడమటి భాగం ఫ్రాన్సు చేతికి వచ్చింది. వాళ్ళు దానికి సెయింట్ డొమింగ్ అని పేరు పెట్టారు. మరో వందేళ్ళలో అది ప్రపంచంలోకెల్లా లాభసాటి వలస రాజ్యం అయింది. ఐరోపా తినే చక్కెరలో దాదాపు 40 శాతం, తాగే కాఫీలో సగానికి పైగా అక్కడి నుంచే వెళ్ళేది. ఆ చక్కెర వెనుక సుమారు 5 లక్షల మంది బానిసలు ఉన్నారు. వాళ్ళమీద పెత్తనం చేసే తెల్లవాళ్ళు 40 వేలకు మించరు. చెరకు గానుగలు రాత్రింబవళ్ళు తిరిగేవి. నిద్రమత్తులో చెయ్యి గానుగలో పడితే, మనిషిని కాపాడటానికి చేతిని నరకడానికని పక్కనే గొడ్డలి ఉంచేవాళ్ళు. పుట్టేవాళ్ళకంటే చచ్చేవాళ్ళు ఎక్కువ. అందుకే ఓడలు ఆగకుండా ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెస్తూనే ఉండేవి.

దెసాలీన్ 1758 ప్రాంతంలో దీవి ఉత్తరాన గ్రాండ్ రివియేర్ దగ్గర ఒక తోటలో పుట్టాడని ఎక్కువమంది చరిత్రకారులు రాస్తారు. మొదటి యజమాని పేరే ఇంటిపేరుగా దుక్లో అని పిలిచేవాళ్ళు. తర్వాత కొన్నవాడు ఒకప్పుడు తానూ బానిసగా ఉండి విడుదలైన నల్లజాతి మనిషి. అతని ఇంటిపేరే దెసాలీన్. పశువుకు వాత పెట్టినట్టు యజమాని పేరును మనిషికి తగిలించే రోజులవి. పొలంలో కూలి చేశాడు, వడ్రంగం నేర్చాడు. చదువు లేదు. పెద్దయ్యాక సంతకం పెట్టడం మాత్రం నేర్చుకున్నాడు. విక్టోరియా మోంతూ అనే స్త్రీ, తోయా అని పిలిచేవాళ్ళు, ఆయనకు చిన్నప్పుడే కత్తి తిప్పడం నేర్పిందని హైతీ జనం చెప్పుకుంటారు. మన దగ్గర అమ్మమ్మలు చెప్పే కథల్లాంటిదే అది. కాగితం మీద ఉన్నా లేకపోయినా జనం దాన్ని వదలరు.

1791 ఆగస్టులో ఉత్తరాది తోటలు భగ్గుమన్నాయి. రాత్రిపూట అడవిలో కూడి, తమ దేవతల ముందు ప్రమాణం చేసి, బానిసలు లేచారు. కొద్ది వారాల్లో వందల చెరకు తోటలు బూడిద అయ్యాయి. అప్పటికి ముప్పై మూడేళ్ళున్న దెసాలీన్ తిరుగుబాటులో చేరాడు. నాయకులు చాలామంది పుట్టుకొచ్చారు. వాళ్ళలో టూసాన్ లూవెర్చూర్ అందరికంటే పైకి వచ్చాడు. ఆయన ఆలోచన మనిషి, దెసాలీన్ ఆయన కత్తి. తిరుగుబాటు ధాటికి లొంగి ఫ్రాన్సు 1794 ఫిబ్రవరి 4న తన వలస రాజ్యాలన్నింటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత టూసాన్ ఫ్రాన్సు పక్షాన నిలిచి స్పెయిన్‌నూ ఇంగ్లండునూ దీవి నుంచి తరిమాడు. దెసాలీన్ జనరల్ అయ్యాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వీరుల గురించి రాసేటప్పుడు మచ్చలు తుడిచేసి రాయడం మనకు అలవాటు. దెసాలీన్ విషయంలో అలా రాస్తే అబద్ధమే అవుతుంది. దక్షిణాన రిగో అనే మిశ్రమ జాతి సేనానితో జరిగిన యుద్ధంలో ఆయన చాలా కఠినంగా నడుచుకున్నాడు. తర్వాత టూసాన్ ఆయనకు తోటల పర్యవేక్షణ అప్పగించాడు. పేరుకు స్వేచ్ఛ వచ్చినా, దేశానికి చక్కెర కావాలి, తుపాకులు కొనడానికి డబ్బు కావాలి. అందుకని కూలీలు తోటలు విడిచి పోకూడదని చట్టం పెట్టారు. ఆ చట్టాన్ని బెత్తంతో అమలు చేసినవాడు దెసాలీనే. సొంత వీపు మీద మచ్చలున్న మనిషి ఇలా చేశాడంటే మాకూ మింగుడు పడదు.

ఆ దక్షిణ యుద్ధంలోనే ఆయన జీవితంలోకి మారీ క్లేర్ వచ్చింది. జక్మెల్ పట్టణాన్ని దెసాలీన్ సైన్యం చుట్టుముట్టినప్పుడు లోపల జనం ఆకలితో మాడుతున్నారు. ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, గాయపడ్డవాళ్ళకు తిండీ మందులూ తీసుకుపోవడానికి ఒప్పించింది. ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, బుట్టలతో ముట్టడి దాటి లోపలికి నడిచింది. 1800లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

అప్పటికి ఫ్రాన్సులో నెపోలియన్ పైకి వచ్చాడు. నల్లవాడు ఒక రాజ్యాన్ని ఏలడం ఆయనకు గిట్టలేదు. బావమరిది లెక్లెర్‌ను సేనానిగా చేసి, మొదటి విడతలోనే 20 వేల దాకా సైనికులతో పంపాడు. ఓడలు 1802 ఫిబ్రవరి మొదట్లో తీరానికి వచ్చాయి. శత్రువుకు ఏమీ మిగలకూడదని క్రిస్టోఫ్ అనే సేనాని తన చేతిలోని కాప్ పట్టణానికి తానే నిప్పు పెట్టించాడు.

మార్చిలో క్రేతా ప్యేరో దగ్గర అసలు పరీక్ష వచ్చింది. అర్తిబోనీత్ నది పక్కన కొండ నెత్తిన చిన్న కోట అది. లోపల సుమారు 1,200 మంది. ఫ్రెంచివాళ్ళు మొదటిసారి దూసుకొచ్చినప్పుడు బయట ఉన్న నల్ల సైనికులు పారిపోతున్నట్టు వెనక్కి పరుగెత్తారు. శత్రువు వెంటపడ్డాడు. కోట దగ్గరకు రాగానే వాళ్ళంతా ఒక్కసారిగా కందకంలోకి దూకేశారు. అడ్డు తొలగిన ఫిరంగులు ఎదురుగా ఉన్న గుంపు మీద పేలాయి. ఫ్రెంచివాళ్ళు వందల సంఖ్యలో పడిపోయారు. వేటాడే కుటుంబాల్లో పుట్టిన మీకు ఈ ఎత్తు కొత్తగా అనిపించదు.

మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఓడారు. కోట లోపల దెసాలీన్ మందుగుండు పీపా పక్కన మండుతున్న కాగడా పట్టుకుని నిలబడ్డాడు. ఫ్రెంచివాళ్ళు లోపలికి వస్తే కోటనే పేల్చేస్తాననీ, బానిసగా బతకాలనుకునేవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోవచ్చనీ తనవాళ్ళకు తెలియజేశాడు. ఎవరూ కదల్లేదంటారు. తర్వాత ఆయన బయటి నుంచి సాయం తేవడానికి వెళ్ళాడు. కోటను లామార్తినియేర్, మాన్యీ అనే ఇద్దరు నిలబెట్టారు. లామార్తినియేర్ భార్య మారీ జాన్ నడుముకు కత్తి కట్టుకుని, గోడల మీద తిరుగుతూ తూటాలు అందిస్తూ, తానూ కాలుస్తూ పోరాడింది.

ఫ్రెంచి సైన్యం చుట్టూ ఫిరంగులు మోహరించి రోజుల తరబడి గుండ్లు కురిపించింది. లోపల నీళ్ళు అయిపోయాయి. దాహానికి సీసపు తూటాలు నోట్లో పెట్టుకుని నమిలారు. రాత్రుళ్ళు ఆ కోటలోంచి పాటలు వినిపించేవి. అవి ఫ్రెంచి విప్లవ గీతాలు, స్వేచ్ఛ గురించి ఫ్రెంచివాళ్ళే రాసుకున్న పాటలు. బయట ఉన్న ఫ్రెంచి సైనికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారని, న్యాయం తమ వైపు ఉందా లేదా అన్న అనుమానం వాళ్ళను కుదిపిందని ఆ సైన్యంలోని ఒక అధికారే తర్వాత రాసుకున్నాడు. మార్చి 24 రాత్రి లోపలివాళ్ళు శత్రు వరసలను చీల్చుకుని బయటపడ్డారు. సగం మందికి పైగా ప్రాణాలతో దాటారు. కోట పోయింది. కానీ ఆ చిన్న కొండ కోసం ఫ్రెంచివాళ్ళు సుమారు 1,500 మందిని పోగొట్టుకున్నారు.

ఆ తర్వాతి నెలలు మా కథలో అన్నింటికంటే చీకటివి. మే నెలలో టూసాన్ సంధికి ఒప్పుకున్నాడు. జూన్‌లో ఆయన్ను నమ్మించి పట్టుకుని ఓడెక్కించి ఫ్రాన్సుకు పంపారు. మంచు కొండల్లోని ఒక కోట గదిలో, చలికి, 1803 ఏప్రిల్ 7న చనిపోయాడు. మరి దెసాలీన్? ఆయన ఫ్రెంచివాళ్ళ కొలువులో చేరాడు. లొంగని గుంపులను కొండల్లో వేటాడాడు, తుపాకులు లాక్కున్నాడు. అదను కోసం ఆగాడని కొందరంటారు, తన దారిలో పోటీని తొలగించుకున్నాడని కొందరంటారు. రెండూ నిజమే అయి ఉండొచ్చని మా అభిప్రాయం. ఆ నెలల్లో పోరాటాన్ని బతికించింది పెద్ద పేర్లున్న జనరల్స్ కాదు. ఆఫ్రికాలో పుట్టి కొండల్లో ఉండిపోయిన, చరిత్ర పేర్లు కూడా సరిగా రాయని చిన్న చిన్న నాయకులే.

అంతలో గ్వాడెలూప్ దీవి నుంచి కబురు వచ్చింది. అక్కడ ఫ్రెంచివాళ్ళు బానిసత్వాన్ని తిరిగి పెట్టేశారు. రేపు ఇక్కడా అదే జరుగుతుందని అందరికీ అర్థమైంది. మరోపక్క దోమలు మోసుకొచ్చే ఎల్లో ఫీవర్ ఫ్రెంచి సైన్యాన్ని ఊడ్చేస్తోంది. మన్యానికి కొత్తగా వచ్చినవాణ్ణి జ్వరం ఎలా పడగొడుతుందో మన పెద్దలకు తెలిసిందే కదా, అలాంటిదే. అక్టోబరులో దెసాలీన్ ఫ్రెంచి కొలువు వదిలి తిరగబడ్డాడు. నవంబరు 2న లెక్లెర్ అదే జ్వరంతో చనిపోయాడు. అతని స్థానంలో వచ్చిన రోషంబో మనుషులను వేటాడటానికి క్యూబా నుంచి కుక్కలను తెప్పించాడు.

1803 మే నెలలో అర్కాయే అనే ఊళ్ళో నల్లజాతి, మిశ్రమ జాతి సేనానులంతా కూడి దెసాలీన్‌ను ఒకే నాయకుడిగా ఒప్పుకున్నారు. అక్కడే ఆయన ఫ్రెంచి మూడు రంగుల జెండా తీసి నడుమ ఉన్న తెల్ల గుడ్డను చింపేశాడనీ, మిగిలిన నీలం ఎరుపు ముక్కలను కాతరీన్ ఫ్లోన్ అనే అమ్మాయి కలిపి కుట్టిందనీ చెబుతారు. మే 18 ఇవాళ్టికీ హైతీలో జెండా పండుగ. ఆ సైన్యానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మనం గుర్తుంచుకోవాల్సింది. దేశీయ సైన్యం, ఈ నేల బిడ్డల సైన్యం అని దాని అర్థం. అంతకు ముందు కొన్నాళ్ళు ఇంకా సైన్యం అని కూడా పిలుచుకున్నారు. ఇంకాలంటే స్పెయిన్ చేతిలో కూలిపోయిన దక్షిణ అమెరికా మూలవాసి రాజ్యం వాళ్ళు. ఆఫ్రికా సంతతివాళ్ళు మూలవాసుల పేరు పెట్టుకోవచ్చా అని మీరు అడగవచ్చు. మేమూ అడుగుకున్నాం. దోచినవాడి పేరు వద్దనుకుని, దోపిడీకి బలైనవాడి పేరు పెట్టుకున్నారు. మాకైతే అందులో తప్పు కనిపించలేదు.

1803 నవంబరు 18 తెల్లవారుజామున కాప్ పట్టణానికి పోయే దారిలో వెర్తియేర్ కోట ముందు ఆఖరి యుద్ధం మొదలైంది. కోట ఎత్తు మీద ఉంది, దాని ముందు లోయ. లోయ దాటి పైకెక్కే పని కాప్వా అనే అధికారి దళానికి పడింది. ఎక్కారు, గుండ్లకు రాలిపోయారు, వెనక్కి వచ్చారు, చచ్చినవాళ్ళ మీదుగా మళ్ళీ ఎక్కారు. ఒక గుండు తగిలి కాప్వా గుర్రం కూలింది. ఆయన లేచి కత్తి దూసి నడిచాడు. ఇంకో గుండు తల మీద టోపీని ఎగరగొట్టింది. అయినా నడిచాడు. అప్పుడు కోటలోంచి ఒక్కసారిగా డోలు మోగింది, కాల్పులు ఆగాయి. ఒక ఫ్రెంచి రౌతు బయటికి వచ్చి ఆ ధైర్యానికి రోషంబో తరఫున మెచ్చుకోలు చెప్పి వెనక్కి పోయాడు. మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి.

దెసాలీన్ దూరం నుంచి యుద్ధమంతా చూస్తూ దళాలను నడిపాడు. ఎదురుగా ఉన్న షారియే గుట్ట చేతికొస్తే కోట నిలవదని ఆయనకు తెలుసు. ప్రాణాలు ఎన్ని పోయినా గుట్ట ఎక్కమన్నాడు. ఎక్కారు. సాయంత్రానికి పెద్ద వాన పడింది. ఆ వానలో రోషంబో తన మనుషులను వెర్తియేర్ నుంచి వెనక్కి తీసుకున్నాడు. మర్నాడే లొంగుబాటు. పది రోజుల్లో ఓడలెక్కి పోవాలని షరతు. నెలాఖరుకు ఫ్రెంచి సైన్యం వెళ్ళిపోయింది. బయట కాపు కాసిన ఇంగ్లీషు ఓడలు రోషంబోను బందీగా పట్టుకున్నాయి. ప్రపంచంలో బానిసలు లేచి గెలిచి సొంత దేశాన్ని కట్టుకున్నది ఆ ఒక్కచోటే.

1804 జనవరి 1న గోనాయివ్ పట్టణంలో స్వాతంత్ర్య ప్రకటన చదివారు. ఫ్రెంచివాడు పెట్టిన పేరు తీసేశారు. స్పెయిన్ వాడి పేరు వెనక్కి తేలేదు. ఆఫ్రికా పేరూ పెట్టుకోలేదు. తైనోలు పిలిచినట్టే, అయితి అన్నారు. మనం హైతీ అంటున్నది అదే మాట. పేరు వచ్చినంత మాత్రాన తైనోలు లేచి రారు. కానీ ఆ నేల ఎవరిదో ప్రపంచ పటం మీద రాయాల్సి వచ్చింది.

అదే ఏడాది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దెసాలీన్ ఆజ్ఞతో దేశంలో మిగిలిన ఫ్రెంచివాళ్ళను చంపారు. 3 వేల నుంచి 5 వేల మంది చనిపోయారని అంచనా. ఆడవాళ్ళు, పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఫ్రాన్సు మళ్ళీ వస్తుందన్న భయం నిజమే, వెనుక ఉన్న రెండు శతాబ్దాల హింసా నిజమే. పిల్లలను చంపడానికి అవేవీ చాలవు. మారీ క్లేర్ భర్తకు తెలియకుండా కొందరిని ఇంట్లో దాచి బతికించింది. ఫ్రెంచి సైన్యం వదిలి తమ వైపు వచ్చిన పోలండు సైనికులను మాత్రం దెసాలీన్ ముట్టుకోలేదు, పౌరసత్వం ఇచ్చాడు.

ఆ ఏడాది చివర్లో చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. 1805 రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది: ఏ తెల్లవాడూ యజమానిగా గానీ, భూమి సొంతదారుగా గానీ ఈ దేశంలో అడుగు పెట్టకూడదు, ఆస్తి కొనకూడదు. ఏజెన్సీలో పుట్టిన మనకు ఇది చదవగానే 1/70 గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. అక్కడ రంగును బట్టి పెట్టిన నిషేధం, ఇక్కడ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకుండా చూసే రక్షణ. కానీ రెండింటి వెనకా ఉన్న అనుభవం ఒకటే. భూమి చేతులు మారితే కొన్నాళ్ళకు మనిషీ చేతులు మారతాడు. ఏదో ఒక రూపంలో ఆ అడ్డు హైతీలో వందేళ్ళకు పైగా నిలిచింది. అమెరికా సైన్యం దేశాన్ని ఆక్రమించి ఉన్న కాలంలో, 1918లో వచ్చిన కొత్త రాజ్యాంగం దాన్ని తీసేసింది.

చివరికి దెసాలీన్ ప్రాణం తీసింది కూడా భూమే. ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన తోటలు ఎవరివి? దక్షిణాదిలో మిశ్రమ జాతి పెద్ద కుటుంబాలు తమ ఫ్రెంచి తండ్రుల వారసులమని కాగితాలు చూపించాయి. కొన్ని అసలువి, చాలా దొంగ కాగితాలు. దెసాలీన్ పట్టాలన్నీ తనిఖీ చేయించాడు. తండ్రులు ఆఫ్రికాలో ఉండిపోయిన నల్లవాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు, మరి వాళ్ళు ఏ వారసత్వం చూపించాలి అన్నది ఆయన ప్రశ్న. పోడు చేసిన తాతకు పట్టా ఏదని అడిగించుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ ప్రశ్న బరువు విడమర్చి చెప్పనక్కర్లేదు. అయితే ఇదీ చెప్పాలి: ఆయన ఆ భూమిని జనానికి పంచింది లేదు. రైతులు ఇంకా తోటలకు కట్టుబడే పనిచేస్తున్నారు, సైనికులకు జీతాలు సరిగా అందడం లేదు. అందుకే పెద్దలు కుట్ర పన్నినప్పుడు ఆయన వెనుక నిలబడటానికి జనం పరుగెత్తి రాలేదు.

1806 అక్టోబరులో దక్షిణాది తిరగబడింది. అణచడానికి దెసాలీన్ కొద్దిమందితో రాజధాని మార్షాన్ నుంచి బయలుదేరాడు. అక్టోబరు 17న పోర్టో ప్రిన్స్ ఊరి బయట, పోన్ రూజ్ అనే వంతెన దగ్గర పొదల్లో సైనికులు కాచుకున్నారు. వాళ్ళు సొంత మనుషులేనని ఆయన అనుకున్నాడు. ఒకప్పుడు నిజంగా ఆయన మనుషులే. తూటాలు తగిలి గుర్రం మీంచి పడ్డాడు. కాపాడబోయిన మార్కాదియే అనే అధికారినీ చంపేశారు. శవాన్ని ఊళ్ళోకి ఈడ్చుకుపోయి ముక్కలు చేశారు. వెర్తియేర్ కొండెక్కిన కాప్వాను కూడా అదే నెలలో మాటువేసి చంపారు.

ఊరంతా తలుపులు వేసుకుంది. అప్పుడు దెఫిలే అనే ఆడమనిషి వచ్చింది. ఆమె ఒకప్పటి బానిస. సైన్యం వెంట తిరుగుతూ సరుకులు అమ్ముకునేది. మతి చలించిందని జనం ఆమెను పిచ్చి దెఫిలే అనేవాళ్ళు. వీధిలో చెల్లాచెదురుగా ఉన్న ముక్కలన్నీ ఆమె ఒక సంచిలోకి ఏరుకుంది. మోసుకుపోయి శ్మశానంలో పాతిపెట్టించింది. చక్రవర్తి అంత్యక్రియలు చేసింది ఆమె ఒక్కతే.

మారీ క్లేర్ మరో యాభై ఏళ్ళకు పైగా, 1858 దాకా, గోనాయివ్‌లో బతికింది. చంపినవాళ్ళు ఏలిన రోజుల్లో చాలాకాలం దెసాలీన్ పేరు సర్కారు నోట వినపడలేదు. ఊళ్ళలో మాత్రం ఆగలేదు. వోడూ కొలుపుల్లో డోలు కొట్టి దేవతలను పిలిచేటప్పుడు, ఇనుముకూ యుద్ధానికీ దేవుడైన ఓగూ వరసలో ఓగూ దెసాలీన్ అని ఆయన్నూ పిలిచారు. హైతీ జాతీయ గీతం ఆయన పేరు మీదే ఉంది. అది 1904లో వచ్చింది. ఆయనకు కొలుపు అంతకు ఎంతో ముందు నుంచే ఉంది.